డబ్బా మీద నంబరు చూసి రేంజ్ ఫైండర్ కొనొద్దు, ఎనుము మీద లేజర్ కొట్టి చూసి కొనండి

మొన్న సంక్రాంతికి మా బామ్మర్ది డల్లాస్ నుంచి వచ్చినాడు. అరిసెలు తిని పడుకుంటాడులే అనుకుంటే బ్యాగులోంచి రెండు లేజర్ రేంజ్ ఫైండర్లు (కంటికి పెట్టుకుని బటన్ నొక్కితే ఎదురుగా ఉన్నది ఎంత దూరమో చెప్పేవి) తీసి మంచం మీద పెట్టినాడు, ఒకటి మధ్యరకం, ఇంకోటి బో ఖరీదైంది. ఆయన అక్కడ లైసెన్సు తీసుకుని సీజన్లో జింకల వేటకి పోతాడు, మిగతా రోజుల్లో షూటింగ్ రేంజికి పోయి 1000 గజాల అవతల వేలాడదీసిన ఇనప రేకు మీద కాలుస్తుంటాడు. నా దగ్గరేమో ఆన్‌లైన్లో గోల్ఫ్ ఆడేవాళ్ళ కోసమని అమ్మే చవక పీసు ఒకటుంది, పిట్టలు చూడ్డానికి పోయినప్పుడు అది ఎంత దూరంలో ఉందో నోటుబుక్కులో రాసుకోడానికి కొన్నా. మూడూ ఒకచోట ఉన్నాయి కదా అని అనంతపురం బయట ఒక గుట్ట మీద నాలుగు రోజులు కూర్చొని పోల్చినాం. ఎట్ల పోల్చినామో, మీరు కొనేటప్పుడు ఎట్ల పోల్చుకోవాలో వరసగా చెప్తా.

ముందే ఒక మాట. వేట అనేది ఆయన టెక్సాస్‌లో చేసుకునే పని, మన దగ్గర కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఇక్కడ సరదా వేట నేరం, కృష్ణజింక లాంటి, గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువుని కొడితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. మన సీమలో వేట పేరుతో మిగిలింది అహోబిలం పారువేట లాంటి గుడి వేడుకలే, అది కనుమ నాడు మొదలై నలభై రోజుల పైచిలుకు ఊర్లు తిరిగే స్వామి వేట, దానికి రేంజ్ ఫైండర్ అక్కర్లేదు. అడవి పందులు చేను తొక్కుతున్నా ఫారెస్టోళ్ళ దగ్గరికి పోవాల్సిందే కానీ మీ అంతట మీరు ఏం చేయకూడదు. కాబట్టి మనకి ఈ వస్తువు పనికొచ్చేది పిట్టలు జంతువులు చూసేవాళ్ళకి, పొలం కొలతలు ఉజ్జాయింపుగా కావాల్సిన వాళ్ళకి, డ్రోన్ ఎగరేసేవాళ్ళకి, ఇంగ విదేశాల్లో ఉండి అక్కడ వేటాడే, లాంగ్ రేంజ్ కాల్చే మనోళ్ళకి. ఇక్కడ రైఫిల్ క్లబ్బుల్లో 10, 25, 50 మీటర్ల మీద కాల్చే పిల్లలకి దూరం ముందే తెలుసు, కొనుక్కోమని ఎవరైనా చెప్తే వినొద్దు, ఆ డబ్బుతో పెల్లెట్లు కొనుక్కోండి.

సరే, మొదట చేయాల్సింది డబ్బా చదవడం. పెద్ద అక్షరాల్లో 1000, 2000, 4000 అని ఉంటుంది చూడండి, ఆ నంబర్లలో చానా మటుకు గజాలు. గజం అంటే మనకి తెలిసిందే, మూడడుగులు, 0.9144 మీటరు. అంటే 1000 అని రాసింది 914 మీటర్లే. ఇది చిన్న విషయంగా అనిపిస్తుంది కానీ మేం మొదటి రోజు పొద్దున మొత్తం దీనికే బలైనాం, ఆయన పీసు గజాల్లో ఉంది, నాది మీటర్లలో ఉంది, రెండింటికీ పొంతన కుదరక నాది చెడిపోయిందని గంట సేపు తిట్టుకున్నా, తీరా చూస్తే ఆయన పీసు స్క్రీన్ మూలన గజాలని చెప్పే చిన్న వై అక్షరం ఉంది. 500 గజాలంటే 457 మీటర్లు, తేడా 43. ఎన్ని పీసులు పోల్చినా సరే అన్నింటినీ ముందు ఒకే కొలతలోకి మార్చుకోండి.

ఆ పెద్ద నంబరు ఇంకో కిటుకు. అది అద్దంలా మెరిసే వస్తువు మీద, అంటే రోడ్డు సైన్ బోర్డుల మీద అంటించే రిఫ్లెక్టివ్ షీటు లాంటి దాని మీద వచ్చే దూరం. ఆ షీటు వచ్చిన వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపిస్తుంది కాబట్టి ఎంత దూరమైనా చూపిస్తుంది. చెట్టు మీద అంత రాదు, జింక మీద ఇంకా తగ్గుతుంది. సిగ్ సావర్ కంపెనీ కిలో 2000 అనే మోడల్నే చూడండి, రిఫ్లెక్టివ్ మీద 3400 గజాలు, చెట్టు మీద 1500, జింక మీద 1200 అని కంపెనీ వాళ్ళే రాసినారు. అట్ల మూడూ విడివిడిగా రాసేవాళ్ళు కొంచెం నిజాయితీ ఉన్నట్టు. ఒక్క పెద్ద నంబరు రాసి మిగతావి ఎక్కడా చెప్పకపోతే మీ పనికి దాంట్లో సగం కూడా రాదనే లెక్కేసుకోండి. లైకా, వోర్టెక్స్, నికాన్, బుష్‌నెల్, ల్యూపోల్డ్ ఏదైనా సరే, వెతకాల్సింది జింక పక్కనున్న నంబరు.

ఇంగ రెండో పని, మీకు కావాల్సిన దూరం ఎంతో నిజంగా ఒప్పుకోవడం. మా బామ్మర్ది జింకని కొట్టేదంతా 200 గజాల లోపే, మరి ఖరీదైనది ఎందుకు కొన్నావ్ అంటే నవ్వుతాడు. 1000 గజాల రేకు కోసం అంటాడు, అది నిజమే. రేంజ్ తప్పు చెప్తే దగ్గర్లో పెద్ద నష్టం లేదు, దూరంలోనే కొంప మునుగుతుంది. 308 క్యాలిబర్ లాంటి మామూలు రైఫిల్లో 300 గజాల దగ్గర 10 గజాలు తప్పు కొలిచినా తూటా ఒక 2, 3 సెంటీమీటర్లే అటూ ఇటూ పోతుంది, అదే 1000 దగ్గర అదే 10 గజాల తప్పుకి 20 సెంటీమీటర్ల దాకా తేడా వస్తుంది, ఎందుకంటే అంత దూరం పోయేసరికి తూటా ఇంకా ఎక్కువ వాలుగా కిందకి దిగుతుంటుంది. అందుకే 300 లోపు పని ఉన్నోడు చవకది కొన్నా పర్వాలేదు, 800 దాటి కాల్చేవాడు మాత్రం తక్కువలో పోదాం అనుకుంటే ఆ మిగిల్చింది తూటాలకే పోతుంది.

లోపల జరిగేది తెలిస్తే మిగతా స్టెప్పులు అర్థమవుతాయి కాబట్టి ఒక్క ముక్కలో. బటన్ నొక్కితే కంటికి కనపడని లేజర్ పల్సులు పోతాయి, ఎక్కువ పీసుల్లో 905 నానోమీటర్లది, తగిలి తిరిగొచ్చేదాకా టైము లెక్క పెడుతుంది. 300 మీటర్లు పోయి రావడానికి సెకన్ని పది లక్షల వంతులు చేస్తే అందులో రెండు వంతులు పడుతుంది అంతే. వెలుగు తిరిగి రావాలి, అది ఎండ వెలుగులో కలిసిపోకుండా ఉండాలి, ఈ రెండే దాని కష్టాలు. మిట్టమధ్యాహ్నం మన ఎండలో సెన్సర్‌కి అంతా గోలే, అందుకే పొద్దున ఆరున్నరకి 600 చూపించే పీసు పన్నెండుకి 400 దగ్గరే అంకె బదులు, దూరం అందలేదని గీతలు చూపిస్తుంది. అమెరికాలో మబ్బు రోజు టెస్టు చేసి మెచ్చుకున్న వీడియో చూసి మీరు మే నెలలో తాడిపత్రి పక్క వాడితే ఎట్లా.

ఇప్పుడు అసలు పోలిక. మొదట తెలిసిన దూరం మీద పెట్టండి. కాలేజీ గ్రౌండులో 100 మీటర్ల ట్రాక్ ఉంటే అదే చాలు, ఒక చివర గోడకో బోర్డుకో కొట్టండి. లేకపోతే పొలం కొలిచే టేపు తీసుకుని గట్టు మీద 50, 100, 200 దగ్గర కర్రలు పాతి వాటికి యూరియా సంచి తగిలించండి. హైవే మీద కిలోమీటరు రాళ్ళు ఉన్నాయి కదా అని అక్కడికి పోకండి, బండ్లు నడిపేవాళ్ళ మొహాల మీద లేజర్ కొట్టినట్టవుతుంది, కంటికి హాని లేని క్లాస్ 1 అని రాసినా సరే మనుషుల మీదకి పెట్టకూడదు, దాంతో సూర్యుడి వైపు అసలు చూడకూడదు. ఒక్కో దూరం మీద ఒక్కో పీసుతో పదిసార్లు నొక్కి రాసుకోండి. మంచి పీసు పదిసార్లూ ఒక మీటరు లోపలే తిరుగుతుంది. తప్పు చూపించడం కంటే కుదురుగా లేకపోవడమే నాకు ఎక్కువ భయం, ఎప్పుడూ రెండు మీటర్లు ఎక్కువ చూపిస్తే తీసేసుకోవచ్చు, ఒకసారి 198 ఒకసారి 211 అంటే ఏం చేస్తాం.

తర్వాత గుట్టెక్కండి. ఇక్కడ మన పల్లె దృశ్యమంతా టార్గెట్లే. మేం రాసుకున్న వరస ఇది: తెల్ల సున్నం వేసిన నీళ్ళ ట్యాంకు, వేపచెట్టు, ఎర్రమట్టి గట్టు, నల్ల బండ, ఇంగ మేస్తున్న ఎనుములు. ఎనుమే మా జింక. ట్యాంకు మీద మూడూ చూపించేసినాయి, దాంతో ఏం తెలియదు. చిత్రమేమిటంటే వేపచెట్టు మన కంటికి నల్లగా ఉన్నా లేజర్‌కి బాగా తెల్లగా ఉన్నట్టే లెక్క, పచ్చని ఆకు ఆ 905 వెలుగుని బాగా వెనక్కి కొడుతుంది. నల్ల బండ దగ్గర మొదటి తేడా తెలిసింది. ఎనుము దగ్గర పూర్తిగా తెలిసిపోయింది, డబ్బా మీద 600 అని ఉన్న నా పీసు ఎనుము మీద 280 దాటితే గీతలే, అది చెరువులో పడి తడిసి వచ్చినాక ఇంకా తగ్గింది, తడి ఒంటి మీద వెలుగు సరిగ్గా తిరిగి రాదు. మధ్యరకం 500 దాకా లాగింది. ఖరీదైనది కనిపించిన ప్రతి ఎనుముకీ చెప్పింది, మా కాపరి తాత మాత్రం మేం ఆయన ఎనుముల్ని ఏం చేస్తున్నామో అర్థంగాక రెండుసార్లు గుట్టెక్కి వచ్చి చూసిపోయినాడు. ఎవరి పశువులైనా ముందు చెప్పి చేయండి.

ఈ టెస్టు పొద్దున ఒకసారి, పన్నెండుకి ఒకసారి, పొద్దు గూకేముందు ఒకసారి, మూడుసార్లూ అదే చోట నుంచి చేయాలి. పన్నెండు గంటల నంబరే మీ పీసు నంబరు.

చాలా మంది వదిలేసేది, నాకు అన్నింటికంటే ముఖ్యం అనిపించేది ఇప్పుడు చెప్తా. లేజర్ అంటే దారంలా సన్నగా పోతుందనుకుంటాం, కాదు, పోనుపోను టార్చ్ లైటు లాగా విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందో మిల్లీరేడియన్లలో రాస్తారు, 1 అంటే 1000 మీటర్ల దగ్గర 1 మీటరు వెడల్పు. 2 ఉన్న పీసు అయితే 500 దగ్గరే మీటరు మచ్చ పడుతుంది, కృష్ణజింక భుజం ఎత్తు 80 సెంటీమీటర్లు అటూఇటూ, అంటే సగం వెలుగు జింకని దాటిపోయి వెనకున్న గట్టుకి తగులుతుంది, పీసు మీకు గట్టు దూరం చెప్తుంది, మీరు జింక దూరమనుకుంటారు. పైగా ఆ మచ్చ గుండ్రంగా ఉండదు, పొడుగ్గా దీర్ఘ చతురస్రంలా ఉంటుంది, కొన్నిట్లో అడ్డంగా, కొన్నిట్లో నిలువుగా. మన అనంతపురం లాంటి బల్లపరుపు నేల మీద నిలువు మచ్చ బో ఇబ్బంది. నిలబడి చూస్తే కంటి ఎత్తు 1.6 మీటర్లు అనుకోండి, 2 మిల్లీరేడియన్లు కిందకి వంగిన వెలుగు 800 మీటర్ల దగ్గరికి పోయేసరికి నేలకి తగిలేస్తుంది, ముందున్న బుడ్డల చేను దూరం చెప్పేస్తుంది. రోళ్ళపాడు గడ్డిమైదానంలో పిట్టల్ని కొలవబోయి నేను కొలిచిందంతా గడ్డేనని ఈ లెక్క తెలిసినాక అర్థమైంది, అంతకుముందు రాసుకున్న నోటుబుక్కు సగం దండగ. మందు ఒకటే, పది అడుగులు ఎత్తుకి ఎక్కండి, బండ మీదకో మిద్దె మీదకో.

మచ్చ ఏ ఆకారమో, అది పీసులో కళ్ళకి కనపడే గురి గుర్తుకి సరిగ్గా ఉందో లేదో మీరే కనుక్కోవచ్చు. ఆకాశం తప్ప వెనకేమీ లేని స్తంభం కావాలి. మనకి దానికేం కొదవ, గాలిమరలు ఉన్నాయి కదా, రామగిరి వైపో వజ్రకరూరు వైపో పోతే వరసగా నిలబడి ఉంటాయి, దూరం నుంచి చూస్తే టవర్ వెనకంతా ఆకాశమే. పీసుని ట్రైపాడ్ మీద పెట్టి స్కాన్ మోడ్‌లో (ఆగకుండా వరసగా కొలిచేది) వేసి, గుర్తుని టవర్ ఎడమ పక్క నుంచి మెల్లగా కుడికి తెండి. ఎక్కడ నంబరు రావడం మొదలైంది, ఎక్కడ ఆగిపోయింది చూడండి. గుర్తు టవర్ని తాకకముందే నంబరు వస్తే లేజర్ టవర్ వైపుకి, అంటే కుడికి వంగి ఉన్నట్టు. తర్వాత మిద్దె పిట్టగోడ లాంటి అడ్డ గీత మీద పై నుంచి కిందకి అట్లనే చేయండి. ఇవి నోటుబుక్కులో బొమ్మ వేసుకోండి. మా దాంట్లో ఖరీదైన పీసే గుర్తుకంటే కొంచెం కుడికి కొడుతోంది, ఆయన రెండేళ్ళుగా వాడుతున్నాడు, తెలియదు. తెలిసినాక గుర్తుని కొంచెం ఎడమకి పెట్టుకుని వాడుకుంటే సరిపోయింది, అంతకీ పీసు మంచిదే.

మోడ్ల గురించి చెప్పకపోతే సగం మంది తిట్టుకుంటారు. గోల్ఫ్ పీసులు ముందు తగిలినదాని దూరం చెప్తాయి, ఎందుకంటే జెండా ముందుంటుంది, చెట్లు వెనకుంటాయి. వేట పీసులు దూరంగా ఉన్నదాన్ని చెప్తాయి, ఎందుకంటే ముందు గడ్డి, తుమ్మకంప అడ్డముంటాయి. మీ పీసులో రెండూ మార్చుకునే వీలుంటే సరే, లేకపోతే మీ పనికి ఏది కావాలో చూసుకోండి. తుమ్మకంప వెనక ఒక బండ పెట్టుకుని రెండు మోడ్లలో కొడితే నిమిషంలో తేలిపోతుంది.

కొండ మీద నుంచి కిందకి చూసేవాళ్ళకి కోణం లెక్క ఉంది. లేజర్ చెప్పేది ఏటవాలు దూరం, తూటాని భూమి లాగేది మాత్రం అడ్డంగా ఉన్న దూరాన్ని బట్టి. 25 డిగ్రీల వాలులో 400 మీటర్లు అంటే కాల్చేవాడి లెక్కలో 363 మీటర్లే. గండికోటలో లోయ అంచున నిలబడి అడుగున పెన్నా పక్కనున్న బండకి కొట్టి చూడండి, కోణం సరిచేసిన నంబరుకీ మామూలు నంబరుకీ తేడా బాగా కనపడుతుంది, ఫోన్లో మ్యాప్ మీద కొలిచిన దూరంతో సరిచేసిన నంబరు కలవాలి. మ్యాప్ ఎప్పుడూ అడ్డ దూరమే చెప్తుంది కాబట్టి ఇది మంచి పరీక్ష. అంచుకి మరీ దగ్గరికి పోకండి, కంట్లో పీసు పెట్టుకున్నవాడికి కాళ్ళు కనపడవు.

ఖరీదైన వాటిల్లో వేడి, గాలి ఒత్తిడి కొలిచి తూటా ఎంత దిగుతుందో కూడా లెక్క చెప్పేవి ఉంటాయి. 1000 గజాల వాళ్ళకి అది పనికొచ్చేదే, మన అనంతపురంలా సముద్ర మట్టానికి 335 మీటర్ల ఎత్తులో 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడి తూటా కొంచెం తక్కువ దిగుతుంది. కానీ పక్క గాలి ఎంతుందో ఈ పీసులేవీ చెప్పవు, ఆషాఢంలో మన దగ్గర వీచే గాలి చూసినోడికి అదెంత పెద్ద లోటో తెలుసు. పిట్టలు చూసేవాళ్ళు దీనికి పైసా కూడా ఎక్కువ పెట్టొద్దు.

స్క్రీన్ గురించి కొనేముందు బయట ఎండలోకి తీసుకెళ్ళి చూడండి, షాపులో ట్యూబ్‌లైట్ కింద కాదు. నల్ల అంకెల స్క్రీన్ పట్టపగలు బాగుంటుంది, చీకటి పడేటప్పుడు ఎనుము మీద నల్ల అంకె కనపడదు. ఎర్ర అంకెల స్క్రీన్ సందెవేళ అద్భుతం, మధ్యాహ్నం వెలుతురు పెంచకపోతే వెలిసిపోయినట్టుంటుంది. అద్దం 6 రెట్లు చాలు, 7 అయితే సంతోషం, అంతకుమించితే చెయ్యి వణుకే ఎక్కువ కనపడుతుంది. 600 దాటినాక ఏ పీసైనా చేతిలో పట్టుకుని కొలవడం మానుకోండి, ట్రైపాడ్ లేకపోతే బియ్యం నింపిన చిన్న సంచి బండ మీద వేసి దాని మీద ఆనించండి, మాకు నా చవక పీసు దూరం దాంతోనే ఒక యాభై మీటర్లు పెరిగింది. కొలిచేటప్పుడు ఒక్క నంబరు నమ్మకండి, వస్తువు ముందున్నదానికి ఒకసారి, దానికి, వెనకున్నదానికి ఒకసారి కొట్టండి, మూడూ వరసగా పెరుగుతుంటే సరిగ్గా తగిలినట్టు.

బ్యాటరీ చూసుకోండి. చాలావాటికి సీఆర్2 అనే 3 వోల్టుల లిథియం బ్యాటరీ, పొట్టిగా ఉంటుంది, మా వైపు కిరాణా కొట్టులో దొరకదు, ఆన్‌లైన్లో రెండు మూడు తెప్పించి పెట్టుకోండి. యూఎస్‌బీతో చార్జ్ అయ్యేవి ఇక్కడ సులువు. ఎండాకాలం పీసుని కారు డ్యాష్‌బోర్డు మీద వదిలి పెళ్ళికి పోయినవాళ్ళున్నారు, ఆ వాళ్ళలో నేనూ ఉన్నా, తిరిగొచ్చేసరికి స్క్రీన్ మీద నల్ల మరక.

ఆన్‌లైన్లో కొంటే రిటర్న్ ఎన్ని రోజులో చూసి, వచ్చిన రోజే డబ్బా పారేయకుండా గుట్టెక్కండి. నేనైతే ఇప్పుడు మధ్యరకం దాంట్లోకి మారుతున్నా, 500 దాకా ఎనుముని చెప్తే నా పిట్టలకి బోలెడు. బామ్మర్ది తన ఖరీదైనది సర్దుకుంటుంటే కాపరి తాత అడిగినాడు, ఇది చూస్తే తప్పిపోయిన దూడ యాడుందో చెప్తుందా అని. చెప్పదు తాతా, నీకు కనపడితే ఎంత దూరమో చెప్తుంది అంటే, కనపడినాక నాకు దూరమెందుకు, నడిచిపోతా కదా అన్నాడు.